నూనె లెక్కలో తిమింగలం

కర్నూలు జిల్లా పత్తికొండకు సముద్రం చాలా దూరం. బంగాళాఖాతం వైపు తిన్నగా గీత గీసినా 250 కిలోమీటర్లు దాటుతుంది. ఈ ఊళ్లలో సముద్రం మాట వినపడేది వాయుగుండం పట్టినప్పుడే. అదీ నాలుగు చినుకులు పడతాయేమోనన్న ఆశతో. బుడ్డలు (వేరుశనగ), పత్తి, కంది, టమోటా పండే ఈ మెట్ట పొలాలకూ, అంటార్కిటికా మంచుగడ్డల మధ్య తిరిగే తిమింగలానికీ లంకె ఏముంటుందని ఎవరైనా అడగొచ్చు. లంకె ఉంది. అది మార్కెట్లో ఉంది. గడిచిన శతాబ్దంలో కొన్ని దశాబ్దాల పాటు మద్రాసు ప్రెసిడెన్సీ రైతు పండించిన బుడ్డల నూనె, దక్షిణ ధ్రువ సముద్రంలో చంపిన తిమింగలం నూనె యూరప్‌లో ఒకే కొనుగోలుదారు ముందు పోటీకి నిలబడ్డాయి.

ఆ కొనుగోలుదారు మార్జరిన్ కంపెనీ, సబ్బుల కంపెనీ. వెన్న కొనే స్తోమత లేని కార్మిక కుటుంబాలకు యూరప్‌లో మార్జరిన్ రొట్టె మీది వెన్న అయింది. దానికి గడ్డకట్టే కొవ్వు కావాలి. 1902లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ నార్మన్ జారుగా ఉండే నూనెకు హైడ్రోజన్ పట్టించి గట్టిపరిచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. 1937లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన డాల్డా తయారీ ఆ పద్ధతిలోనే. ఇక్కడ డాల్డా డబ్బాలోకి ఎక్కువగా వెళ్లింది వేరుశనగ నూనె. అక్కడ మార్జరిన్ డబ్బాలోకి తిమింగలం నూనె వెళ్లింది. హైడ్రోజన్ పట్టిస్తే దాని నీచువాసన పోయేది. రొట్టె తినేవాడికి తాను తింటున్నది తిమింగలం కొవ్వని తెలిసే దారే లేదు. సబ్బు తయారీలో మిగిలే గ్లిజరిన్‌తో పేలుడు మందు చేసేవారు. అందుకని మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తిమింగలం నూనె యుద్ధ సరుకు కూడా అయింది.

ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వేరుశనగ 19వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవుకు ఓడలెక్కింది. తర్వాత జర్మనీ, హాలండ్ మిల్లులూ కొనడం మొదలుపెట్టాయి. ఆ గిరాకీ చూసే కర్నూలు, అనంతపురం వైపు జొన్న, కొర్ర చేలల్లోకి బుడ్డలు వచ్చాయి. తిండిపంట వేసే నేల రొక్కం పంటకు మారింది. రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చిన మాట నిజమే. దాంతోపాటు ఎక్కడో మార్సెయ్‌లో, రోటర్‌డామ్‌లో కట్టే ధర అతని ఇంటి మంచిచెడ్డలు తేల్చడం కూడా అప్పుడే మొదలైంది.

మరి ఆ ధర కట్టే బల్ల మీద రెండో సరుకు ఎలా తయారయ్యేది?

నార్వే దేశస్థుడు స్వెన్ ఫోయిన్ 1870లో పేలే ఈటెకు పేటెంట్ పొందాడు. ఫిరంగిలోంచి వెళ్లి తిమింగలం ఒంట్లో దిగాక దాని కొసనున్న మందు పేలుతుంది. అంతకుముందు తెడ్లు వేసే పడవల మీద చేతితో ఈటె విసిరే వేటగాళ్లు నెమ్మదిగా ఈదే జాతులనే పట్టగలిగేవారు. ఆవిరి పడవ, పేలే ఈటె కలిశాక నీలి తిమింగలం లాంటి వేగంగా ఈదే జాతులు కూడా దొరికిపోయాయి. 1904లో కార్ల్ ఆంటన్ లార్సెన్ దక్షిణ జార్జియా దీవిలోని గ్రుట్‌వికెన్ దగ్గర స్టేషన్ పెట్టాడు. 1925లో 'లాన్సింగ్' అనే ఓడ వచ్చింది. దాని వెనకభాగంలో ఏటవాలు దారి ఉంటుంది. తిమింగలాన్ని ఆ దారిలో పైకి లాగి, నడిసముద్రంలోనే కోసి, కొవ్వు కరిగించి, నూనె పీపాల్లో నింపొచ్చు. ఇక రేవుతో పని లేదు. ఏ దేశ ప్రభుత్వం పెట్టే షరతుతోనూ పని లేదు.

1930-31 వేసవిలో ఒక్క అంటార్కిటిక్ సముద్రంలోనే 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. మిగతా జాతులు దీనికి అదనం. ఆ ఏడాది తీసిన నూనె 36 లక్షల పీపాలు, అంటే సుమారు 6 లక్షల టన్నులు. కొనేవాళ్లు లేక ధర కూలిపోయింది. మరుసటి ఏడాది నార్వే ఓడలు దాదాపు అన్నీ వేటకు పోకుండా రేవుల్లోనే ఆగిపోయాయి. అవే ఏళ్లలో ప్రపంచ ఆర్థిక మాంద్యం మద్రాసు ప్రెసిడెన్సీ మీద కూడా పడింది. వేరుశనగ రేటు పడిపోయింది, అప్పు చేసి పంట పెట్టినవాడు మునిగాడు. మాంద్యానికి కారణాలు అనేకం, తిమింగలం నూనె ఒక్కటే రేటు పడేసిందనడం సరికాదు. కానీ నూనెగింజల మార్కెట్‌లో కుప్పలు పడిన ఆ 6 లక్షల టన్నులు రైతుకు మేలు చేసేవి మాత్రం కావు.

ఆ నూనె పరిమాణం మెట్టరైతుకు అర్థమయ్యే లెక్కలో చెప్పుకోవచ్చు. పెద్ద నీలి తిమింగలం ఒకటి దొరికితే ఇరవై టన్నులకు అటూ ఇటూగా నూనె వచ్చేది. బుడ్డల్లో కాయ బరువులో మూడో వంతు కన్నా కొంచెం తక్కువ నూనె దిగుతుంది. వానాధారం కింద ఎకరాకు నాలుగు క్వింటాళ్ల కాయ వచ్చిందనుకుంటే, ఇరవై టన్నుల నూనెకు 160 ఎకరాలకు పైగా సాగు చేయాలి. దుక్కి, విత్తనం, కలుపు, కోత, కూలి, వాన కోసం ఎదురుచూపు, ఇంత జరిగితే గానీ రాని నూనె ఒక్క ఈటె దెబ్బకు వచ్చేది. విత్తనం వేయనక్కర్లేని పంట అది. పెంచే ఖర్చు ఎవరూ పెట్టలేదు కాబట్టి, ఎంత చవగ్గా అమ్మినా వేటగాడికి లాభమే.

ఈ వ్యాపారపు దృష్టి ఎంత లోతుకు పోయిందో చెప్పడానికి ఒక్క కొలమానం చాలు. 1940ల నుంచి అంతర్జాతీయంగా వేట పరిమితిని 'నీలి తిమింగలం యూనిట్' అనే కొలతలో పెట్టారు. ఒక నీలి తిమింగలం అంటే రెండు ఫిన్ తిమింగలాలు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సెయ్ తిమింగలాలు. ఈ సమానత్వం ఎలా తేల్చారు? దేనిలోంచి ఎంత నూనె వస్తుందో చూసి. ఏ జాతి ఎన్ని మిగిలాయన్న ప్రశ్నకు అందులో చోటే లేదు. ఏడాదికి ఇన్ని యూనిట్లని అనుమతి ఇస్తే, వేటగాడు ముందు పెద్దదాన్నే వెతుకుతాడు. నీలి తిమింగలాలు అరుదైపోయాక ఫిన్ తిమింగలాల మీద పడ్డారు, అవి తగ్గాక సెయ్ మీద. కాగితం మీద పరిమితి పాటించినట్టే ఉంటుంది, సముద్రంలో జాతి తర్వాత జాతి ఖాళీ అవుతుంది. ఆ కొలతను 1972లో గానీ ఎత్తేయలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక యూరప్‌లో కొవ్వుకు కరువొచ్చింది. బ్రిటన్‌లో వంటనూనె, వెన్న రేషన్ మీద ఇచ్చేవారు. అప్పుడు ఆ ప్రభుత్వం చూసిన రెండు దారులూ పాతవే. ఒకటి వేరుశనగ: 1946లో యునిలివర్ అనుబంధ సంస్థ యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ ఇచ్చిన ఆలోచనతో తూర్పు ఆఫ్రికాలోని టాంగన్యీకాలో అడవి కొట్టి లక్షల ఎకరాల్లో బుడ్డలు వేయాలని పథకం వేశారు. నేల గట్టిది, వాన నమ్మలేనిది, యంత్రాలు విరిగిపోయాయి. సుమారు 3.6 కోట్ల పౌండ్లు పోగొట్టుకుని 1951లో ఆ పథకాన్ని వదిలేశారు. వానలేని ఎర్రనేలలో బుడ్డలు పండించడమంటే ఏమిటో కర్నూలు రైతును అడిగి ఉంటే ముందే చెప్పేవాడు. రెండో దారి తిమింగలం: అదే 1946లో 'బలీనా' అనే కొత్త బ్రిటిష్ ఫ్యాక్టరీ ఓడ అంటార్కిటికాకు బయలుదేరింది. తిమింగలాలను గాలించడానికి అందులో విమానం కూడా పెట్టుకుని వెళ్లారు.

ఆ సంవత్సరమే, డిసెంబరు 2న, వాషింగ్టన్‌లో తిమింగలాల వేట నియంత్రణ ఒప్పందం మీద దేశాలు సంతకాలు చేశాయి. దాని కిందే అంతర్జాతీయ తిమింగలాల వేట కమిషన్ ఏర్పడింది. ఒప్పందం ఉద్దేశంలో రెండు మాటలున్నాయి: తిమింగలాల సంఖ్యను కాపాడటం, వేట పరిశ్రమను క్రమబద్ధంగా అభివృద్ధి చేయడం. మొదటి ఇరవై ఏళ్లూ రెండో మాటే నెగ్గింది. శాస్త్రవేత్తలు తగ్గించమన్నారు, కంపెనీల ఒత్తిడితో ప్రభుత్వ ప్రతినిధులు వాయిదా వేశారు. నీలి తిమింగలం వేటను పూర్తిగా నిషేధించేసరికి 1966 వచ్చింది. శాస్త్రవేత్త ట్రెవర్ బ్రాంచ్ బృందం లెక్క ప్రకారం వేటకు ముందు అంటార్కిటిక్ నీలి తిమింగలాలు దాదాపు 2,39,000 ఉండగా, 1970ల తొలినాళ్లకు మిగిలినవి సుమారు 360. ఇరవయ్యో శతాబ్దం మొత్తం మీద పారిశ్రామిక వేటలో చచ్చిన తిమింగలాలు దాదాపు 29 లక్షలని 2010లలో పరిశోధకులు రికార్డులన్నీ కూడి తేల్చారు.

రికార్డుల్లో లేనివీ ఉన్నాయి. సోవియట్ నౌకలు కమిషన్‌కు దొంగలెక్కలు ఇచ్చాయన్న నిజాన్ని 1993లో రష్యన్ జీవశాస్త్రవేత్త అలెక్సీ యాబ్లకోవ్ బయటపెట్టాడు. లెక్కల్లో చూపకుండా చంపినవి లక్షన్నరకు మించే. అందులో ఒక అధ్యాయం మన గుమ్మం దగ్గరే జరిగింది. 1966 నవంబరులో సోవియట్ నౌకలు అరేబియా సముద్రంలో ఒమన్, పాకిస్తాన్, వాయవ్య భారత తీరాల వైపు తిరిగి 240 దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలను చంపాయి. మిగతా హంప్‌బ్యాక్‌లన్నీ ధ్రువాల వైపు, ఉష్ణమండలాల వైపు ఏటా వలస పోతాయి. అరేబియా సముద్రపు గుంపు మాత్రం వలస పోదు, ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. కొన్ని రోజుల వేటలో పోయినదాన్ని ఆ గుంపు అరవై ఏళ్లకు కూడా పూడ్చుకోలేకపోయింది. ఒమన్ దగ్గర జరిగిన అధ్యయనం ప్రకారం అక్కడ మిగిలినవి వంద లోపే.

ఇంత జరుగుతున్నా వేటగాళ్లు ఎందుకు ఆగలేదు? జంతువులు అయిపోతే తమ వ్యాపారమే పోతుంది కదా, ఆ పాటి తెలివి లేకపోయిందా? 1973లో కెనడాకు చెందిన గణిత శాస్త్రవేత్త కోలిన్ క్లార్క్ దీనికి జవాబు చెప్పాడు. ఆ జవాబు వడ్డీ సంగతి తెలిసిన ఊళ్లలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. తిమింగలం రెండు మూడేళ్లకు ఒక్క పిల్లను కంటుంది. మొత్తం గుంపు ఏడాదికి నూటికి కొన్ని చొప్పున మాత్రమే పెరుగుతుంది. బ్యాంకు వడ్డీ అంతకన్నా ఎక్కువైతే, లాభమే చూసుకునే యజమాని చేయాల్సిన పని అన్ని తిమింగలాలనూ ఇప్పుడే చంపి, ఆ డబ్బు వడ్డీకి వేసుకోవడం. అంటే అంతరింపు అనేది తెలివితక్కువతనం వల్ల జరగక్కర్లేదు. తప్పులేని లెక్క వల్ల కూడా జరుగుతుంది. సముద్రాన్ని మార్కెట్టే కాపాడుతుందనేవాళ్లు ఈ ఒక్క లెక్క చూడాలి.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పుకోవాలి. కిరోసిన్ వచ్చి తిమింగలాలను కాపాడిందని తరచూ రాస్తుంటారు. దీపాల నూనె వరకు అది నిజమే. కానీ ఇరవయ్యో శతాబ్దపు మారణకాండ మొత్తం కిరోసిన్ వచ్చాక, పెట్రోలు, డీజిల్ వచ్చాకే జరిగింది. చమురు ఇంధనంతోనే చాలా వేట ఓడలు దక్షిణ ధ్రువ సముద్రం దాకా పోయాయి. కొత్త సరుకు వస్తే పాతది దానంతట అదే బతికిపోతుందన్న నమ్మకానికి చరిత్రలో ఆధారం తక్కువ. ఆపింది మనుషుల నిర్ణయం.

ఆ నిర్ణయం రావడానికి ముందు తిమింగలం గురించి జనం మనసు మారాలి. 1970లో అమెరికన్ జీవశాస్త్రవేత్త రోజర్ పేన్ హంప్‌బ్యాక్‌ల పాటలను గ్రామఫోన్ రికార్డుగా విడుదల చేయించాడు. లక్షల మంది విన్నారు. నీళ్లలో నూనె పీపాగా చూసినదానికి గొంతుంది, అది వరసలు కట్టి పాడుతుంది, ఒక గుంపు పాట ఏటేటా మారుతుంది అని తెలిసింది. 1979లో సీషెల్స్ ప్రతిపాదన మీద హిందూ మహాసముద్రాన్ని, దక్షిణాన 55వ అక్షాంశం దాకా, వాణిజ్య వేట లేని అభయప్రాంతంగా కమిషన్ ప్రకటించింది. బంగాళాఖాతం అందులో భాగం. అంటే ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్ర తీరం ఎదుట ఉన్న నీళ్లు ఆ ఏడాది నుంచీ తిమింగలాల అభయప్రాంతమే. భారత్ 1981లో కమిషన్‌లో చేరింది. మరుసటి ఏడాది జులై 23న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో వాణిజ్య వేట మీద మారటోరియం ఓటుకు వచ్చింది. అనుకూలంగా 25, వ్యతిరేకంగా 7, తటస్థంగా 5. భారత్ నిషేధం వైపే ఓటేసింది. 1985-86 నుంచి అది అమల్లోకి వచ్చింది.

అందరూ ఒప్పుకోలేదు. నార్వే అభ్యంతరం నమోదు చేసి 1993 నుంచి మళ్లీ వేటాడుతోంది, ఏటా కొన్ని వందల మింక్ తిమింగలాలను చంపుతోంది. జపాన్ పరిశోధన పేరుతో అంటార్కిటికాలో వేట కొనసాగించింది. ఆస్ట్రేలియా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ పనిని శాస్త్ర పరిశోధన అనలేమని 2014 మార్చి 31న తీర్పు వచ్చింది. 2019లో జపాన్ కమిషన్ నుంచే బయటికి వెళ్లిపోయి, జులై 1 నుంచి తన సొంత జలాల్లో వాణిజ్య వేట మొదలుపెట్టింది. 2024లో ఫిన్ తిమింగలాన్ని కూడా జాబితాలో చేర్చింది.

జపాన్ అడిగే ప్రశ్నను కొట్టిపారేయకూడదు. మీరు ఆవును, పందిని, మేకను తింటారు, మేము తిమింగలాన్ని తింటే తప్పెందుకు? రాయలసీమలో జాతరకు పొట్టేలు తెగకుండా గడవదు. ఆ పొట్టేలు కూర తిని, జపాన్‌వాడిది పాపం అనడానికి ఏ అర్హత ఉంది?

నిజాయితీగా జవాబు చెప్పాలంటే మూడు తేడాలు కనిపిస్తాయి. పొట్టేలును ఒకరు పెంచుతారు. మేపుతారు, రోగమొస్తే మందు వేయిస్తారు, మందను కాపాడుకుంటారు. తిమింగలాన్ని పెంచినవాడు లేడు, పోయిన గుంపును తిరిగి నింపేవాడూ లేడు. రెండోది, గొర్రె ఏటా ఈనుతుంది, తిమింగలం పది పన్నెండు నెలలు మోసి, పాలిచ్చి, మళ్లీ రెండు మూడేళ్లకు గానీ ఈనదు. ఈ రెండింటికీ జపాన్, నార్వే దగ్గర సమాధానం ఉంది: మింక్ తిమింగలాలు ఇంకా లక్షల్లో ఉన్నాయి, కొద్దిగా చంపితే గుంపు తగ్గదు. లెక్కల వరకు ఆ వాదనలో బలం ఉంది. కమిషన్‌లోని శాస్త్రవేత్తల్లో కూడా దాన్ని ఒప్పుకున్నవారున్నారు.

మూడో తేడాకు మాత్రం సమాధానం లేదు. చావు. పొట్టేలు మెడ మీద కత్తి పడితే క్షణాల్లో అయిపోతుంది. ఊగే ఓడ మీద నుంచి, కదిలే నీళ్లలో, కదిలే జంతువును కొడితే ఆ భరోసా ఎవరూ ఇవ్వలేరు. ఐస్‌లాండ్ ప్రభుత్వ సంస్థ 2022 వేటను గమనించి, ఫిన్ తిమింగలాల చావును నమోదు చేసింది. వెంటనే చచ్చినవి 59 శాతం. మిగతావాటిలో చావడానికి పట్టిన మధ్యస్థ సమయం పదకొండున్నర నిమిషాలు. కొన్నింటిని రెండోసారి, మూడోసారి, నాలుగోసారి కొట్టాల్సి వచ్చింది. ఆ నివేదిక చూశాక ఐస్‌లాండ్ మత్స్యశాఖ మంత్రి స్వాందీస్ స్వావర్స్‌దోత్తిర్ 2023 జూన్‌లో వేటను కొన్ని వారాలు ఆపించింది. ఆ దేశపు ఫిన్ తిమింగలాల వేట కంపెనీ 2024, 2025 వేసవుల్లో వేటకే పోలేదు. సంఖ్య సరిపోతుందా లేదా అన్నది ఒక ప్రశ్న. పదకొండు నిమిషాలు పేగుల్లో ఈటెతో ఈదే ప్రాణిని మాంసం కోసం, అదీ ఆకలి తీర్చే అవసరం లేని సంపన్న దేశంలో, చంపొచ్చా అన్నది మరో ప్రశ్న. వాణిజ్య వేట ఓడిపోయేది ఈ రెండో ప్రశ్న దగ్గర. జపాన్‌లోనే తినేవాళ్లు తగ్గిపోయారు. 1960ల మొదట్లో ఏటా రెండు లక్షల టన్నులకు పైగా తిన్న దేశంలో ఇప్పుడు కొన్ని వేల టన్నులకు మించి వాడకం లేదు.

ఆర్కిటిక్‌లో మంచు మీద బతికే ఇనూయిట్ కుటుంబాల సంగతి వేరు. వాళ్లకు కూరగాయ మొలవదు, తిమింగలం ఊరంతా పంచుకునే తిండి. కమిషన్ కూడా వాళ్లకు విడిగా అనుమతి ఇస్తుంది. అమ్ముకోవడానికి చంపడాన్నీ, తినడానికి చంపడాన్నీ ఒకే గాట కట్టడం అన్యాయం.

ఈ మధ్య తిమింగలాలను కాపాడాలనేవాళ్లే వాటికి ధర కడుతున్నారు. 2019లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆర్థికవేత్త రాల్ఫ్ చామి బృందం ఒక పెద్ద తిమింగలం విలువ 20 లక్షల డాలర్లకు పైనే అని రాసింది. అది ఒంట్లో దాచుకునే కార్బన్, దాని మలం వల్ల సముద్రంలో పెరిగే సూక్ష్మ మొక్కలు, పర్యాటకం అన్నీ కలిపి. మంచి ఉద్దేశంతోనే చేశారు, ప్రభుత్వాలు డబ్బు భాషే వింటాయన్నది కూడా వాస్తవం. అయినా జాగ్రత్త అవసరం. ధర చుట్టూ కట్టిన రక్షణ ధర మారితే మారిపోతుంది. నూనె రేటు మీద ఆధారపడిన ప్రాణాలు ఏమయ్యాయో 1930-31 చెప్పింది. రేపు కార్బన్ రేటు పడిపోతే ఏం చేస్తాం?

ఇప్పుడు తిమింగలాలకూ డాల్ఫిన్లకూ పెద్ద శత్రువు ఈటె కాదు, వల. చేపల కోసం వేసిన వలల్లో చిక్కి ఏటా మూడు లక్షల దాకా డాల్ఫిన్లు, తిమింగలాలు చనిపోతున్నాయని అంచనా. వాటిలో ఎక్కువ డాల్ఫిన్లే. రెండో శత్రువు ఓడ. చెన్నై, విశాఖ వైపు పడమటి నుంచి వచ్చే ఓడలు శ్రీలంక దక్షిణ కొసను చుట్టుకొని వస్తాయి. అక్కడ నీలి తిమింగలాలు ఏడాదంతా మేస్తుంటాయి. ఓడలు గుద్దుకుని చచ్చిన సంఘటనలు ఉన్నాయి. 2022లో ఎంఎస్‌సీ అనే నౌకా సంస్థ తన ఓడల దారిని స్వచ్ఛందంగా ఇంకాస్త దక్షిణానికి జరుపుకుంది. తీరానికి కొట్టుకొచ్చే కళేబరాలు మన రాష్ట్రానికీ కొత్త కాదు. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం దగ్గర 25 అడుగుల తిమింగలం చనిపోయి ఒడ్డుకు చేరితే చుట్టుపక్కల ఊళ్ల జనమంతా చూడ్డానికి కదిలారు.

వల దగ్గరికి వచ్చేసరికి నీతి ప్రశ్న ముఖం మారుతుంది. ఫ్యాక్టరీ ఓడ యజమానిని తప్పుపట్టడం సులువు. అప్పు చేసి వల కొన్న మత్స్యకారుణ్ని ఏమనాలి?

దీనికి దేశంలో దొరికే మంచి ఉదాహరణ తిమింగల సొరది. పేరులో తిమింగలం ఉన్నా అది చేప, ప్రపంచంలోకెల్లా పెద్ద చేప. గుజరాత్‌లోని వెరావల్ ప్రాంతంలో దాన్ని వేటాడి, కాలేయం నూనెను పడవలకు పూసేవారు, మాంసం ఎగుమతి చేసేవారు. మైక్ పాండే తీసిన డాక్యుమెంటరీ దేశాన్ని కదిలించాక, 2001 మే 28న కేంద్రం దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. చట్టం వస్తే చాలదు. వేట ఆగినా, వేరే చేపల వలలో అది చిక్కుతూనే ఉంటుంది. బయటికి వదలాలంటే వల కోయాలి, వల అంటే ఆ కుటుంబానికి వేల రూపాయలు. 2004లో మొదలైన ప్రచారంలో ఆధ్యాత్మిక ప్రవచనకారుడు మొరారి బాపు ఆ చేపను కాన్పుకు పుట్టింటికి వచ్చే ఆడబిడ్డతో పోల్చి చెప్పాడు. మాట మనసుకు తాకింది. దాంతోపాటు అటవీశాఖ కోసిన వలకు డబ్బు కట్టివ్వడం మొదలుపెట్టింది. వందల తిమింగల సొరలను మత్స్యకారులే విడిచిపెట్టారు. మాటా డబ్బూ రెండూ కావలసి వచ్చాయి.

వెరావల్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది వేరే సంగతి. అక్కడి బోట్లలో పనికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఏటా వేలమంది వలసపోతారు. 2018లో పాకిస్తాన్ పట్టుకున్న మత్స్యకారులు వాళ్లే. 'తండేల్' సినిమాకు మూలం ఆ ఘటనే. సొంత ఊళ్లో జెట్టీ లేక, చేపలు తగ్గి, పద్దెనిమిది వందల కిలోమీటర్ల అవతల కూలికి వల లాగే మనిషి ఆ వల కోయడానికి ఒప్పుకోవడం చిన్న త్యాగం కాదు.

విశాఖ దగ్గర తంతడి తీరంలో 2021 డిసెంబరులో ఒక తిమింగల సొర వలలో చిక్కి ఒడ్డుకొచ్చింది. అటవీశాఖ సిబ్బంది, వన్యప్రాణి కార్యకర్తలు, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి లోతు నీళ్లలోకి పంపారు. వలల నష్టానికి పరిహారం ఇస్తామని అధికారులు చెప్పారు. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రెండు నెలలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019 నుంచి 10 వేలు, 2025లో దాన్ని 20 వేలు చేశారు. ఇరవై వేలతో రెండు నెలలు ఇల్లు గడవదని అందరికీ తెలుసు. కానీ సముద్రం బాగుండటానికి ఒక పేదవాడు పని మానుకుంటే దాని ఖర్చు సమాజం భరించాలన్న సూత్రం అందులో ఉంది. ఆ సూత్రం పెద్దది.

పత్తికొండ చుట్టుపక్కల రైతులకు ఈ సూత్రం వేరే రూపంలో పరిచయమే. ఆస్పరి, ఆలూరు, చిప్పగిరి వైపు కృష్ణజింకలు మందలుగా వచ్చి మొలక మీదే పైరు మేసిపోతాయి. కృష్ణజింక రాష్ట్ర జంతువు, తిమింగలం లాగే మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాని మీద చెయ్యి వేస్తే జైలు. రైతు చెయ్యి వేయడు. రాత్రంతా చేలో కాపలా పడుకుంటాడు, తెల్లారాక రెండోసారి విత్తనం కొంటాడు. జింకను చూసి సంతోషించేది రాష్ట్రమంతా, దాన్ని మేపేది మాత్రం ఆ మండలాల రైతులు. శ్రీకాకుళం మత్స్యకారుడిదీ ఇదే పరిస్థితి.

మన దేశం బ్రైటన్‌లో ఓటేసినప్పుడు అది మనకు ఖర్చులేని మంచిపని. మనకు తిమింగలాలు వేటాడే ఓడలు లేవు, తినే అలవాటు లేదు. ఇప్పుడు ఖర్చు అడుగుతున్న కాలం వచ్చింది. సముద్ర క్షీరదాలను వలల నుంచి కాపాడే పద్ధతులు తమతో సమానంగా పాటించని దేశాల చేపలను 2026 జనవరి 1 నుంచి కొనబోమని అమెరికా నిబంధన పెట్టింది. తాబేళ్లు తప్పించుకునే అమరిక వలల్లో లేదన్న కారణంతో మన సముద్రపు రొయ్యల్ని ఆ దేశం 2019 నుంచే ఆపేసింది. దేశంలో రొయ్యల ఎగుమతికి మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. చెరువుల్లో పెంచే రొయ్యలకు తాబేళ్ల నిబంధన తగలలేదు, సముద్రం మీద బతికే బోట్లకు తగిలింది. తాబేలు తప్పించుకునే అమరికను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు రూపొందించింది. దాన్ని బిగించిన వల నుంచి కొంత పట్టు కూడా జారిపోతుందని మత్స్యకారుల భయం. ఆ జారిపోయిన పట్టు విలువ ఎవరు కట్టిస్తారన్నది తేలకుండా తనిఖీలు, జరిమానాలు ఎన్ని పెట్టినా, నడిసముద్రంలో చూసేవాడు లేనప్పుడు ఆ అమరిక వలకు ఉండదు.

సముద్రం ఇచ్చే అవకాశం మాత్రం ఇంకా ఉంది. బ్రెజిల్ తీరంలో కొన్ని వందలకు పడిపోయిన హంప్‌బ్యాక్‌లు వేట ఆగాక 25 వేల దాకా పెరిగాయని 2019లో ఒక అధ్యయనం లెక్క చెప్పింది. అంటార్కిటిక్ నీలి తిమింగలాలు 1998 నాటికే రెండు వేలు దాటాయి. అరేబియా సముద్రపు గుంపుకు ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. దాని దారిలో వలలున్నాయి, ఓడలున్నాయి. పడమటి తీరంలో ఏ నెలల్లో, ఏ చోట్ల ఆ కొద్ది తిమింగలాలు తిరుగుతున్నాయో పట్టుకోవడానికి గుజరాత్ నుంచి కేరళ దాకా మత్స్యకారులు చూసింది చూసినట్టు పరిశోధకులకు చెప్పాలి. వలలో చిక్కితే కోసి వదిలేసి, కోసిన వల ఫొటో పంపితే నెలలోపు డబ్బు పడాలి. గుజరాత్ తిమింగల సొర విషయంలో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న ఈ ఏర్పాటును డాల్ఫిన్లకు, తిమింగలాలకు, తాబేళ్లకు ఆంధ్ర తీరంలోనూ పెట్టొచ్చు. అందుకు కావలసిన వన్యప్రాణి చట్టం 1972 నుంచీ ఉంది, బడ్జెట్లో ఒక పద్దు రాయడమే మిగిలింది.